రెండో ఆదివారం అభ్యంతరం

గిద్దలూరు,
జూలై 9

శివకుమారి వదినకు,

హాస్టల్లో చదువుకునేటప్పుడు మనం కలుపుకున్న వరుసతోనే పిలుస్తున్నాను. ఆ హాస్టల్ వదిలాక నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. మీ గూడెంలో ఫోను పలకాలంటే గుట్ట ఎక్కాలంట. నువ్వు గుట్ట ఎక్కే రోజు నాకు తీరదు, నాకు తీరిన రోజు నువ్వు ఎక్కవు. పైగా మా తమ్ముడు ఫిన్నీ ఇంట్లో ఫోను స్పీకరు పెట్టి మాట్లాడడమే అలవాటు. ఇన్నేళ్ళూ నీతో నేను మాట్లాడిందంతా పక్కింటివాళ్ళు కూడా విన్నారు. అందుకే కాగితం తీసుకున్నాను.

విషయం ఏమంటే, నేను ఊరు వదిలి వచ్చేశాను. మేనకోడలు గ్రేస్ పెళ్ళి ఏప్రిల్లో అయింది. దాన్ని నా చేతులతో పెంచాను. అది అత్తగారింటికి వెళ్ళాక ఆ ఇంట్లో నా పని అయిపోయినట్టు అనిపించింది. ఎవరూ పొమ్మనలేదు. గిద్దలూరులో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి కావాలని తెలిసి, వచ్చి అడిగాను. పెట్టుకున్నారు.

ఫిన్నీ రెండు పూటలు అన్నం తినలేదు. "ఇంట్లో నీకేం తక్కువ చేసినామక్కా? నలుగురూ నన్నేమనుకుంటారు?" అన్నాడు. "ఏమీ తక్కువ చేయలేదని నేనే అందరికీ చెప్పినాలే" అన్నాను. దాంతో ఇంకా కోపం వచ్చింది.

రైల్వే గేటు దాటాక ఒక మిద్దె మీద గది తీసుకున్నాను. గది, వంటకు ఒక మూల, బయట సగం మిద్దె. పెళ్ళి దాకా నాయన ఇంట్లో ఉన్నాను. పెళ్ళయ్యాక ముండ్లమూరులో ఆయన ఇంట్లో నాలుగేళ్ళు ఉన్నాను. ఆయన వేరే మనిషిని తెచ్చుకున్నాక ఇన్నేళ్ళు తమ్ముడి ఇంట్లో ఉన్నాను. మూడేళ్ళ కిందట ఆయన చనిపోయిన కబురు కూడా అక్కడే విన్నాను. నలభై ఆరేళ్ళకు నా చేతికి ఒక తాళంచెవి వచ్చింది.

నవ్వకు. మొదటి ఆదివారం నాకోసం వండుకుందామని పొయ్యి ముందు నిలబడితే ఏం వండాలో తెలియలేదు. నాయనకు పులుపు ఉండాలి. ముండ్లమూరాయనకు కారం. ఫిన్నీకి చేపలు. గ్రేస్‌కు ఉప్పు తగ్గాలి. నాకేం ఇష్టమో ఎంతకీ తట్టలేదు. చివరికి టీ పెట్టుకుని బన్ను తిన్నాను.

జవాబు రాయి.

రూబీ

*

దిగువమెట్ట పైన గూడెం,
ఆగస్టు 2

రూబీ వదినకు,

నీ ఉత్తరాన్ని పోస్టాయన మా ఆయన చేతికిచ్చాడు. బయన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, "నీకు ఉత్తరాలు రాసేదెవరే?" అన్నాడు. "మా వదిన" అన్నాను. "మగ వదినా, ఆడ వదినా?" అన్నాడు. ముగ్గురు పిల్లలు పుట్టాక మొగుడికి నా మీద అనుమానం పుట్టించావు. నీకు దండం.

అంగన్‌వాడీ పిల్లలు పడుకున్నారు, అందుకే ఈ కాస్త తీరిక. సూటిగా రాస్తాను. పదో తరగతిలో పప్పులో పురుగులు వచ్చాయని, పళ్ళెం తీసుకెళ్ళి వార్డెను బల్ల మీద పెట్టి, "మేడమ్, మీరొక ముద్ద తినండి" అన్న రూబీ నాకు తెలుసు. బన్ను తిని పడుకున్న ఈవిడ ఎవరో నాకు తెలియదు.

నీకొక పని చెబుతున్నాను. నీకు ఇష్టమైనదో, ఇష్టం లేనిదో, ఉత్తరానికి ఒకటైనా కనుక్కుని రాయి. పెద్దవేమీ వద్దు. వంకాయ అయినా సరే.

శివకుమారి

*

గిద్దలూరు,
సెప్టెంబరు 14

వదినా,

ఒకటి దొరికింది. నాకు చేపలు ఇష్టం లేదు.

కంభం చెరువు కింద పుట్టి ఈ మాట రాయడానికి భయంగానే ఉంది. పోయిన వారం ఫిన్నీ అలక మాని, చెరువు చేపలు పట్టుకుని వచ్చాడు. "నాకొద్దు ఫిన్నీ, నాకు చేపలంటే ఇష్టం లేదు" అన్నాను.

"ఎప్పటి నుంచి?"

"మొదటి నుంచి."

వాడు సంచి పట్టుకుని అట్లే నిలబడి, "మరి ఇన్నాళ్ళూ తలకాయ ముక్క నీకే కదక్కా వేయించినా, పెద్దదానివని!" అన్నాడు. వాడి ముఖం చూసి నాకు నవ్వు ఆగలేదు. కాసేపటికి వాడూ నవ్వాడు. చేపలు కింద ఓనరమ్మ వెంకటరత్నమ్మకు ఇచ్చాము.

ఇంకొకటి. బస్సులో ముందు సీటు ఇష్టం. డ్రైవరు పక్కన కూర్చుంటే రోడ్డు మన మీదికి వస్తుంది. ఆదివారం సాయంత్రం ఏ పనీ లేకుండా కంభం దాకా పోయి, దిగి, టీ తాగి వచ్చాను. ఎందుకు వెళ్ళావని అడిగేవాళ్ళు లేరు.

మిద్దె మీద పాత పెయింటు డబ్బాలో బీర గింజలు పెట్టాను. మొలిచాయి.

మా మిద్దె వెనకే రైలు పట్టాలు. పట్టాలు బాగుచేసే గ్యాంగువాళ్ళు ఎండకు నీళ్ళడుగుతారు. బిందె కిందికి తీసుకెళ్ళి ఇస్తాను. వాళ్ళలో ఒకాయన తాగిన గ్లాసు కడిగి, బోర్లించి ఇచ్చాడు. మా ఇళ్ళల్లో మగవాళ్ళు గ్లాసు కడగడం నేను చూడలేదు. ఇది ఇష్టాల్లోకి రాదు, ఊరికే రాస్తున్నాను.

రూబీ

*

గూడెం,
అక్టోబరు 11

వదినా,

చేపల సంగతి బాగుంది. బస్సు సంగతి ఇంకా బాగుంది.

ఊరికే రాసిన దానికి అన్ని వాక్యాలు ఎందుకే? ఆ గ్లాసాయన పేరేంది?

శివకుమారి

*

గిద్దలూరు,
నవంబరు 17

వదినా,

పెద్ద గొడవ జరిగింది. బీరకాయతో మొదలైంది.

మా కోతల పండుగ నీకు తెలియదు కదా. ఎవరి పంటలో మొదటిది వాళ్ళు తెచ్చి చర్చిలో పెడతాము. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు, వచ్చింది చర్చికి. ఎవరు తెచ్చింది వాళ్ళు పాడరు. పాడితే ఇచ్చి వెనక్కి తీసుకున్నట్టు.

నా తీగకు కాసిన మొదటి కాయను తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్ళాను. మూరెడు పొడవు ఉందని ఇంటి దగ్గర గర్వపడ్డాను. చర్చిలో గుమ్మడికాయల మధ్య పెడితే వేలెడంత కనిపించింది. వేలం వేసేది సంఘపెద్ద జీవన్ కుమార్ మాస్టరు. ఆయన నోరు ఊరుకోదు. నా కాయ ఎత్తి పట్టుకుని, "ఇది కాయనా, పాము పిల్లనా? పాడండమ్మా, ఇంట్లో ఎలుకలుంటే పట్టుకుంటది" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరో పది రూపాయలన్నారు. నాకు ఒళ్ళు మండింది.

"యాభై" అన్నాను.

చర్చంతా నా వైపు తిరిగింది. "రూబమ్మా, ఇది నువ్వు తెచ్చిందే కదా?" అన్నాడు మాస్టరు.

"అవును. అందుకే పాడినా."

"తెచ్చినోళ్ళు పాడకూడదు తల్లీ."

"అట్లని బైబిల్లో ఎక్కడుందో చూపించండి మాస్టరు గారూ."

అన్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది. మా పాస్టరు అయ్యగారు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు డోలక్ దగ్గర నుంచి ఒక గొంతు "వంద" అంది. చూస్తే గ్లాసు బోర్లించినాయన. డోలక్ బాగా వాయిస్తాడని పండగకు అయ్యగారు కంభం నుంచి పిలిపించారంట.

నా కాయ నాకెందుకు రాదని పంతం పట్టాను. నేనొకటి అంటే ఆయనొకటి. పిల్లలు చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. మాస్టరు కాయను పసిబిడ్డలాగా పట్టుకుని ఒకసారి నా దగ్గరికి, ఒకసారి ఆయన దగ్గరికి తిరిగాడు. చివరికి నా జీతం గుర్తొచ్చి ఆగాను.

బయట మెట్ల దగ్గర ఆయన కాయ పట్టుకుని నిలబడ్డాడు. "కోపం చేసుకోవద్దు రూబమ్మగారూ. పదికి పోతుంటే చూడలేక పాడినా. మీరు ఆపితే నేనూ ఆపుదామనుకున్నా."

"మీరే ఆపొచ్చు కదా?"

"మీరు పాడుతుంటే చూడ్డానికి బాగుండింది" అన్నాడు.

కాయ నాకే ఇవ్వబోయాడు. గెలిచినారు కదా, మీరే వండుకోండి అన్నాను. మర్నాడు మధ్యాహ్నం పట్టాల దగ్గర నుంచి నాకు క్యారియరు వచ్చింది. బీరకాయ పచ్చడి, తొక్కు పారేయకుండా. ఆయనే చేశాడంట. భార్య పోయి చాలా కాలమైంది, వంట అలవాటంట. పేరు ఏబేలు. నువ్వడిగావు కాబట్టి రాశాను.

పచ్చట్లో ఉప్పు ఎక్కువైంది. అదే చెప్పాను. "రేపు తగ్గిస్తా" అన్నాడు. కాయ అయిపోయింది కదా, రేపు దేనితో చేస్తారని నేను అడగలేదు.

రూబీ

*

గూడెం,
డిసెంబరు 1

వదినా,

నీ ఉత్తరాన్ని బయన్నకు చదివి వినిపించాను. రోజుకు నాలుగు మాటలు మాట్లాడే మనిషి. అంతా విని, "ఆయన బీరకాయ కోసం పాడలేదు" అన్నాడు. ఆ రోజు మాటలు దానికే అయిపోయాయి.

శివకుమారి

*

గిద్దలూరు,
డిసెంబరు 28

శివకుమారికి,

ఇక్కడ అంతా బాగున్నాము. క్రిస్మస్ బాగా జరిగింది. అయ్యగారి భార్య మగ్దలీనమ్మగారు వచ్చి ఏబేలు గారి తరఫున నన్ను అడిగారు. ఆలోచించి సరే అన్నాను. ఫిన్నీ చాలా సంతోషపడ్డాడు. ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమదినాలు మొదలైతే మాకు పెళ్ళిళ్ళు చేయరు కాబట్టి ఫిబ్రవరి ఐదు అనుకున్నారు. అంతకు ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు.

ఏబేలు గారికి కంభంలో సొంత ఇల్లు ఉంది. మూడు గదులు. నీళ్ళకు ఇబ్బంది లేదు. పెళ్ళయ్యాక అక్కడికి వెళ్ళాలి కాబట్టి హాస్టల్ పని మానేయాలి. గది ఖాళీ చేస్తానని వెంకటరత్నమ్మకు ఇంకా చెప్పలేదు, చెప్పాలి. మనిషి మంచివాడు. అంతకంటే ఏం కావాలి.

నువ్వు తప్పక రావాలి.

ఇట్లు,
రూబమ్మ

*

గూడెం,
జనవరి 6

రూబమ్మగారికి,

ఎవరి పెళ్ళి అది? ఉత్తరంలో ఇల్లుంది, నీళ్ళున్నాయి, మీ తమ్ముడి సంతోషం ఉంది. నువ్వు మాత్రం కనిపించలేదు. రెండుసార్లు వెతికాను.

ఆయనంటే నీకు ఇష్టమా? ఒక్క మాట రాయి. ఇష్టమైతే, కంభం రావాలని ఎవరన్నారు? ఆయనన్నాడా? చర్చిలో బీరకాయ కోసం పోట్లాడినదానివి, గది కోసం ఒక మాట అడగలేవా?

నోరు తెరిచి అడుగు. ఇంతకంటే నేను రాయకూడదు, ఒట్టు వేశాను.

శివకుమారి

*

గిద్దలూరు,
జనవరి 18, ఆదివారం మధ్యాహ్నం

వదినా,

ఇష్టమే. ముందు ఆ మాట రాశాను. పట్టాల మీద సమ్మెట చప్పుడు వినబడితే గిన్నె కింద పెట్టి మిద్దె అంచుకు పోతాను. అంతకంటే నాకు రాయడం రాదు.

కంభం రమ్మని ఆయన అనలేదు. ఎవరూ అనలేదు. అందరూ అట్లా అనుకున్నారు, నేనూ అనుకున్నాను. అడుగుదామని రెండుసార్లు పట్టాల దాకా పోయి, నీళ్ళిచ్చి తిరిగి వచ్చాను. సొంత ఇల్లున్న మనిషిని అద్దె గదికి రమ్మని ఎట్లా అడగడం?

పోయిన ఆదివారం మొదటి ప్రకటన చదివారు. ఫలానా ఏబేలుకు, ఫలానా రూబమ్మకు వివాహం జరగనుంది అని. చివర, "వివాహానంతరం వధువు కంభం సంఘంలో చేర్చబడుతుంది" అని. ఆ తర్వాత పాట పాడారో, ప్రసంగం చేశారో నాకు తెలియదు. ఇంటికి వచ్చి వెంకటరత్నమ్మకు చెబుదామని కిందికి దిగి, కరివేపాకు అడిగి వచ్చాను.

ఈ రోజు రెండోసారి చదివారు. "ఈ వివాహానికి ఎవరికైనా న్యాయమైన అభ్యంతరం ఉన్న యెడల తెలియజేయవలెను" అంటూనే అయ్యగారు పేజీ తిప్పేస్తారు. ఆ మాటకు ఎవరూ లేవరు. మా చర్చి కట్టినప్పటి నుంచి ఎవరూ లేవలేదంట.

"నాకుందయ్యగారూ" అన్నాను. అప్పటికే లేచి నిలబడి ఉన్నాను.

అయ్యగారు కళ్ళద్దాల పైనుంచి చూశారు. "రూబమ్మా, ఇది నీ పెళ్ళేనమ్మా."

"తెలుసయ్యగారూ. పెళ్ళికి అడ్డం లేదు. చివరి మాటకు అడ్డం. నేను కంభం పోను. నా పని ఇక్కడ ఉండాది, నా గది ఇక్కడ ఉండాది. ఆయనకు ఇష్టమైతే ఆయనే ఇక్కడికి రావాల. అట్ల మార్చి చదవండి."

"ఈ వయసులో ఇల్లరికమా!" అన్నాడు జీవన్ కుమార్ మాస్టరు.

వెనక బల్ల నుంచి ఒక ముసలామె, "ఏం మాస్టరూ, నువ్వు మీ అత్తగారింట్లో పదేండ్లు తినలేదా? మేం చూడలేదా?" అంది. చర్చంతా ఒకటే నవ్వు. మాస్టరు భార్య అందరికంటే ఎక్కువ నవ్వింది.

నవ్వు తగ్గాక అయ్యగారు మెల్లగా, "ఈ మాట ఏబేలుకు చెప్పినావా అమ్మా?" అన్నారు.

"లేదయ్యగారూ."

"ముందు ఆయనకు చెప్పొద్దా?"

"చెప్పాల్సిందే. నోరు రాలేదు. అభ్యంతరం ఉంటే చెప్పమని నన్ను అడిగింది మీరొక్కరే. అందుకని మీకు చెప్పినా."

అయ్యగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి ఫిన్నీ ఫోను. "పరువు తీసినావక్కా! ఆయన వద్దంటే ఏం చేస్తావు?" "వద్దంటే వద్దు" అన్నాను. అనేశాను గానీ, వదినా, బియ్యం కడుగుతూ నీళ్ళతో పాటు సగం బియ్యం తొట్టిలో వంపేశాను. ఆయన రాకపోతే నా గది నాకుంటుంది, నా పని నాకుంటుంది. అది మంచిదే. కానీ నిన్నటి దాకా అనిపించినంత మంచిగా అనిపించడం లేదు.

రేపు మీ వైపు సరుకు బండి వస్తుంది, డ్రైవరుతో పంపుతాను. కింద వెంకటరత్నమ్మ ఎవరితోనో "పైనే ఉండాది, పో నాయనా" అంటున్నది. ఆపుతున్నాను.

రూబీ

*

గూడెం,
జనవరి 20

నా వదినకు,

ఎగిరి గంతేశాను. అంగన్‌వాడీ పిల్లలు కూడా ఎందుకో తెలియకుండా నాతో గంతులేశారు.

ఇంక నా ఒట్టు తీరింది, విను. క్రిస్మస్ ముందు మీ ఏబేలు మా గూడేనికి వచ్చాడు. దిగువమెట్టలో పని అయ్యాక నడిచి ఎక్కాడు. గూడెం కుక్కలన్నీ వెంటపడితే, చెప్పులు చేతబట్టుకుని మా అంగన్‌వాడీలో దూరాడు. పిల్లలు ఆయన వీపెక్కారు. వాళ్ళను దించకుండానే నన్ను అడిగాడు, "రూబమ్మగారికి ఏమిష్టమో మీకు తెలుసంట కదా?"

"ఆమెకే తెలియదు. ఒక్కొక్కటి చూసుకుంటా ఉంది" అన్నాను.

"కంభం వస్తుందంటారా?"

"రాదు."

ఆయన నవ్వాడు. "నేను గిద్దలూరు వస్తానులే. నాకు ఎక్కడైనా ఒకటే, పని పట్టాల మీదనే కదా" అన్నాడు.

"ఆ మాట ఆమెతోనే చెప్పు, నాకెందుకు?" అన్నాను.

"అదెట్లమ్మా? అది ఆమె ఇల్లు. ఆమె ఇంట్లోకి వస్తానని నేననగూడదు. ఆమె పిలవాల" అన్నాడు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. నువ్వు పిలవవు, ఆయన అడగడు. మధ్యలో నేను ఆ ఒట్టు మింగలేక కక్కలేక చచ్చాను.

కుక్కల విషయం మాత్రం ఆయన దగ్గర ఎత్తకు. సిగ్గుపడతాడు. ఈ ఉత్తరం బయన్న తెస్తున్నాడు, తేనె సీసా కూడా. కూర్చోబెట్టి అన్నం పెట్టు.

శివకుమారి

*

గిద్దలూరు,
జనవరి 25

వదినా,

బయన్న అన్న వచ్చాడు, తిన్నాడు, "కూర బాగుంది" అన్నాడు. నాలుగు మాటల్లో రెండు నాకు దక్కాయి. నువ్వు ఒట్టు నిలబెట్టుకున్నందుకు నీ మీద కోపంగా ఉంది. పెళ్ళిలో తీర్చుకుంటాను.

ఆ రోజు కిందికి వచ్చింది ఆయనే. అయ్యగారు ఫోను చేశారంట. మెట్లెక్కి గుమ్మం బయట ఆగాడు. చెప్పులు విప్పలేదు. నేను లోపల, ఆయన బయట. వెంకటరత్నమ్మ మెట్ల కింద నిలబడి వింటున్నది, నాకు తెలుసు.

"చర్చిలో నా గురించి ఏదో అన్నారంట" అన్నాడు.

"అన్నా."

"చర్చిలో అంటే చర్చికి తెలుస్తుంది. నాకెట్ల తెలుస్తుంది?"

"ఇప్పుడు తెలిసింది కదా."

"మీరు ఇంకా రమ్మనలేదు" అన్నాడు.

"రాండి" అన్నాను. చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. కింద వెంకటరత్నమ్మ "దేవుడా, ఎంతసేపు నిలబెట్టినారు నన్ను" అని మోకాళ్ళు పట్టుకుని లోపలికి పోయింది.

కంభం ఇల్లు అద్దెకిస్తాడంట. ఆయనకు చేపలంటే ప్రాణమంట. ఈ గదిలో వండేది లేదు, తమ్ముడింటికి పోయి తినండి అన్నాను. ఆ మాటకు ఫిన్నీ కోపమంతా పోయింది. తలకాయ ముక్కకు మనిషి దొరికాడని అందరికీ చెబుతున్నాడు. నేను హాస్టల్ నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది కాబట్టి సాయంత్రం వంట ఆయనది. ఉప్పు సంగతి మళ్ళీ చెప్పాను.

ఐదో తారీఖున మొదటి బస్సుకే రండి. ముందు సీటు పట్టుకో.

ఈ రోజు మూడో ప్రకటన. చర్చి నిండిపోయింది. ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. కిటికీల దగ్గర పక్క వీధి వాళ్ళు. ఆయన డోలక్ వాయించే పని లేకపోయినా వచ్చి మగవాళ్ళ వైపు చివర కూర్చున్నాడు. అయ్యగారు జేబులోంచి కొత్త కాగితం తీశారు. "వివాహానంతరం వరుడు గిద్దలూరు సంఘంలో చేర్చబడతాడు" అని ఒక్కొక్క మాటా ఒత్తి చదివారు. "ఎవరికైనా న్యాయమైన అభ్యంతరం ఉన్న యెడల" అని, ఈసారి పేజీ తిప్పకుండా, కళ్ళద్దాలు తీసి నా వైపు చూస్తూ ఆగారు. చర్చంతా నా వైపు తిరిగింది. ఆయన కూడా.

లేవలేదు. కూర్చున్న చోటి నుంచే అన్నాను.

"నాకేం లేదయ్యగారూ. కానీయండి."

నీ వదిన,
రూబీ